ఏ ఊళ్ళో బాడుగకు వుందాం?



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. బాడుగ ఇల్లు వెతికి చూడు అని మాత్రం అనలేదు. ఆ రోజుల్లో పుట్టిన ఊరు వదిలి పోవలసిన అవసరం చాలామందికి వుండేది కాదు కాబోలు. ఇప్పుడలా కాదు. అయ్యగారికి బదిలీ అవుతుంది, లేదా కొత్త ఉద్యోగం దొరుకుతుంది, పదిహేను రోజుల్లో సామాను కట్టుకోవాలి. ఇల్లు చూసి రావడానికి మగవారు ఒక్కరే ఆదివారంనాడు బస్సెక్కి వెళతారు. గోడలకు సున్నం బాగుందనీ, బాడుగ ఫరవాలేదనీ, ఆఫీసుకు దగ్గరనీ చూసి అడ్వాన్సు ఇచ్చి వస్తారు. ఆ ఇంట్లో రోజుకు ఇరవై గంటలు గడపవలసిన ఇల్లాలు దాన్ని మొదటిసారి చూసేది పాలు పొంగించే రోజున!

బెంగుళూరులో వుంటున్న ఒక సోదరి ఈమధ్య నన్ను ఒక ప్రశ్న అడిగింది. వాళ్ళాయనకు పెనుకొండ దగ్గర కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. పిల్లలిద్దరు, అత్తగారు, తను. "పెనుకొండలో వుండమంటారా, హిందూపురంలోనా, ధర్మవరంలోనా? బాడుగ ఎక్కడ తక్కువ?" అని ఆమె ప్రశ్న. ఇది ఆమె ఒక్కదాని ప్రశ్న కాదు. అందుకే నాకు తెలిసినంతవరకు నలుగురికీ పనికివచ్చేలా చెబుతాను.

ముందుగా ఒక్క మాట. "బాడుగ ఎక్కడ తక్కువ" అన్న ప్రశ్నే సరైంది కాదు. ఇంటాయన నోటితో చెప్పే అంకె బాడుగలో ఒక భాగం మాత్రమే. నీళ్ళకు పెట్టే డబ్బు, రాకపోకలకు పెట్టే డబ్బు, వాటికోసం మనం ఖర్చుచేసే గంటలు, ఇవన్నీ కలిస్తేనే అసలు బాడుగ. మొదటి అంకె అయ్యగారి జీతంలోంచి పోతుంది. మిగిలినవన్నీ మన నడుములోంచీ, నిద్రలోంచీ పోతాయి. అందుకే వాటిని ఎవరూ లెక్క వెయ్యరు.

ఇక ఊళ్ళ సంగతి చూద్దాం. ఈ మూడూ ఒకప్పుడు అనంతపురం జిల్లాలోవే. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. జిల్లా ఒక్కటే అయినా ఊళ్ళ స్వభావాలు మూడూ మూడు విధాలు.

హిందూపురం వ్యాపారపు ఊరు. 2011 జనాభా లెక్కల్లోనే లక్షన్నర మంది వున్నారు. బెల్లం, చింతపండు, మిరపకాయలు, పట్టుగూళ్ళు, అన్నిటికీ పెద్ద మార్కెట్టు. ఏడాదికి సరిపడే చింతపండు మంచి సరుకు చూసి కొనుక్కోవచ్చు. తూముకుంట, గొల్లాపురం వైపు ఫ్యాక్టరీలు వున్నాయి. కన్నడ సరిహద్దు పక్కనే కాబట్టి బజారులో తెలుగు, కన్నడం, ఉరుదూ మూడూ వినిపిస్తాయి. బెంగుళూరు నుంచి వచ్చేవారికి కొత్తగా వుండదు. సముద్రమట్టానికి ఆరువందల మీటర్ల ఎత్తున వుండడంవల్ల ఎండాకాలంలో కూడా రాత్రిళ్ళు కాస్త చల్లబడుతుంది. చలికాలంలో అనపకాయలు వస్తే ఇంటింటా పితికిపప్పు ఘుమఘుమలే. జిల్లా ఆసుపత్రి వుంది, కాలేజీలున్నాయి. లోపమల్లా దూరమే. పెనుకొండకు రోజూ పోయి రావాలంటే ఒకవైపే నలభై కిలోమీటర్లకు కొంచెం తక్కువ.

పెనుకొండ చరిత్ర గల ఊరు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికే మార్చుకున్నారు. కోట, గగన్ మహల్, బాబయ్య దర్గా చూడవలసినవి. కాని చరిత్ర వున్నంత మాత్రాన ఇళ్ళు వుండవు కదా! 2011లో ఊరి జనాభా ముప్పై వేల లోపే. అంతమందికి సరిపడే ఇళ్ళే అక్కడ వున్నవి. ఇలా వుండగా మండలంలోని ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం వచ్చింది. 2017లో ఒప్పందం, 2019లో కార్ల తయారీ. మొదట ఏడాదికి మూడు లక్షల కార్లు చేసేలా కట్టిన కర్మాగారం. దాని వెంబడి విడిభాగాల ఫ్యాక్టరీలు, కొరియా దేశస్థులు, వాళ్ళ భోజనాలకు హోటళ్ళు, రోడ్డు పక్కన కొరియా అక్షరాల బోర్డులు. చిన్న ఊరికి పెద్ద పని వచ్చినప్పుడు మొదట పెరిగేది ఇంటి బాడుగే. కొత్త ఇళ్ళు కట్టడానికి ఏళ్ళు పడుతుంది, మనుషులు రావడానికి ఒక్క రైలు చాలు! అందుకే ఊరు చిన్నది కదా బాడుగ తక్కువ వుంటుందని లెక్క వేసుకుని వెళ్ళినవారు బిత్తరపోతారు. కాని ఆఫీసుకు దగ్గర. మధ్యాహ్నం ఇంటికి పిలుపు వస్తే మనిషి అరగంటలో రాగలడు. ఇంట్లో పెద్దవాళ్ళున్నవారికి అది చిన్న సంగతి కాదు.

ధర్మవరం పేరు చెప్పగానే మనకు పట్టుచీర గుర్తుకొస్తుంది. 2011లో లక్షా ఇరవై వేల పైచిలుకు జనం. పెద్ద రైల్వే జంక్షను. అనంతపురం, గుంతకల్లు వైపు ఒక దారి, పెనుకొండ వైపు ఒకటి, పుట్టపర్తి మీదుగా మరొకటి, కదిరి మీదుగా పాకాల, తిరుపతి వైపు ఇంకొకటి. పుట్టపర్తి ఆఫీసుల్లో పనిచేసేవారికీ, అనంతపురం పోయి వచ్చేవారికీ అనుకూలం. దగ్గరలో బత్తలపల్లిలో ఆర్.డి.టి. వారి ఆసుపత్రి వుంది. ఎండ మాత్రం హిందూపురం కన్నా గట్టిగానే వుంటుంది. ఇంకొక సంగతి. చాలా వీధుల్లో మగ్గాల చప్పుడు తెల్లవారకముందే మొదలవుతుంది. అలవాటైనవారికి అది జోలపాట, కొత్తవారికి తలనొప్పి. పగలు చూసి నచ్చిన ఇంటిని ఒకసారి తెల్లవారుజామున కూడా చూడండి. చేతిపని మీద ఆసక్తి వున్న ఇల్లాలికి ఇక్కడ కండెలు చుట్టడం, చీరెలకు కుచ్చులు కట్టడం వంటి పనులు ఇంటి దగ్గరే దొరుకుతాయి. నేతపని చేసుకునే కుటుంబమైతే గుంతమగ్గానికి నేల తవ్వనిస్తారా లేదా, వానాకాలం ఆ గుంతలో నీళ్ళు ఊరతాయా అన్నది ముందే అడగాలి. మగ్గం నిలిచిపోతే బాడుగ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఊళ్ళ సంగతి అలా వుంచి, మూడు ఊళ్ళకూ సమానమైన సమస్యకు వద్దాం. అదే నీళ్ళు.

ఈ ప్రాంతంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అన్ని నెలలకన్నా ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో పడుతుంది. కాబట్టి దసరా, దీపావళి రోజుల్లో ఇల్లు చూస్తే ప్రతి బోరులోనూ నీళ్ళుంటాయి. నా అనుభవమే చెబుతాను. మేము హిందూపురంలో ఒక ఇంట్లో దిగింది కార్తీకమాసంలో. "నీళ్ళకేమీ కరువు లేదమ్మా, ఇరవైనాలుగు గంటలూ వస్తాయి" అన్నారు ఇంటివారు. అప్పుడు నిజంగానే వచ్చాయి. ఫాల్గుణం వచ్చేసరికి బోరు దగ్గింది. ఉగాదినాటికి పూర్తిగా నిలిచింది. పచ్చడికి వేపపువ్వు దొరికింది గాని కడగడానికి నీళ్ళు దొరకలేదు! ఆ మూడు నెలలూ ట్యాంకరు కోసం కాచుకుని, వచ్చిన రోజున బిందెలన్నీ నింపి, మేడమెట్లు ఎక్కీ దిగీ నా మోకాళ్ళు పట్టేశాయి. ఇంటివారు అబద్ధం చెప్పారని అనను. వాళ్ళు ఆ రోజు నిజమే చెప్పారు. నేను అడగవలసింది అడగలేదు, అంతే.

అడగవలసింది ఏమిటి? "నీళ్ళు వస్తాయా" అని కాదు. "పోయిన చైత్ర వైశాఖాల్లో ఏం చేశారు?" అని. అదీ ఇంటివారిని కాదు, పక్కింటి ఇల్లాలిని అడగాలి. కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుంది, ఏ వేళప్పుడు వస్తుంది, ఎంతసేపు వస్తుంది, సంపు ఎంత పెద్దది, దానిలో మన వాటా ఎంత, ఇవన్నీ ఆమె నోటనే వినాలి. రాత్రి రెండు గంటలకు వచ్చే కుళాయి అయితే, ఆ రెండు గంటలకు లేచేది మనమే కదా!

హిందూపురం వాసులు ఏళ్ళ తరబడి బిందె నీళ్ళు కొనుక్కుని బతికారు. ఆ తర్వాత పరిస్థితి చాలావరకు మారింది. శ్రీశైలం వెనుక జలాల నుంచి హంద్రీ-నీవా కాలువ ద్వారా వచ్చే కృష్ణా నీళ్ళు 2016లో పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి చేరాయి. అక్కణ్ణుంచి 2018లో హిందూపురానికి పైపులైను వచ్చింది. అయినా ఊరికి నీళ్ళు రావడం వేరు, మన వీధికి రావడం వేరు, మన మేడమీదికి రావడం ఇంకా వేరు. పాతపేటలో కుళాయి వుండవచ్చు, ఊరి చివర కొత్త లేఅవుట్లో వుండకపోవచ్చు. ఆ లేఅవుట్లో బాడుగ తక్కువ వుండడానికి అదే కారణం కావచ్చు.

నీళ్ళు వుంటే చాలదు, మంచివి కావాలి. మన జిల్లాల్లో భూగర్భ జలాల్లో చాలాచోట్ల ఫ్లోరైడు వుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని ప్రమాణం. వేరే ఆధారం లేనిచోట ఒకటిన్నర వరకు సర్దుకోవచ్చునన్నారు. అంతకు మించితే పసిపిల్లల పళ్ళమీద గోధుమరంగు మచ్చలు వస్తాయి, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు పట్టేస్తాయి. ఇక్కడ మనలో చాలామంది చేసే పొరపాటు ఒకటి వుంది. "కాచి చల్లార్చి తాగుతున్నాము కదా" అనుకుంటాము. కాచితే క్రిములు చస్తాయి, నిజమే. కాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైపోయి అది మిగిలిపోతుంది కాబట్టి ఇంకా చిక్కబడుతుంది. గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది సున్నం మాత్రమే, దాన్నిబట్టి ఫ్లోరైడు తెలియదు. రుచిలోనూ తెలియదు. ఆ వీధిలో పుట్టి పెరిగిన పిల్లలు నవ్వినప్పుడు పళ్ళు చూడండి. అనుమానంగా వుంటే సీసాడు నీళ్ళు పట్టుకెళ్ళి ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ముఖ్యంగా కడుపుతో వున్నవారు, చిన్నపిల్లల తల్లులు ఈ శ్రమ తప్పక తీసుకోవాలి.

నీళ్ళు లేని చోట ఎంత బాధో, వద్దన్నచోట వచ్చినా అంతే. "మన జిల్లాలో వరదలేమిటి" అని నవ్వకండి. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలకు కాలనీలే మునిగాయి. ఏళ్ళ తరబడి ఎండి వుండే వంకలో చవకగా ఇళ్ళు లేస్తాయి. ఒక్క రాత్రి వానకు వంక తన దారి తాను వెతుక్కుంటుంది. ఇంటి గోడమీద పాత నీటి చార వుందేమో చూడండి.

ఇప్పుడు అసలు బాడుగ లెక్క ఎలా వెయ్యాలో చూద్దాం. అంకెలు కేవలం ఉదాహరణకే. ఒక ఇల్లు ఆరువేలు. ఎండాకాలంలో నెలకు మూడు ట్యాంకర్లు, ఏడేసి వందల చొప్పున రెండువేల వంద. తాగే నీళ్ళకు మూడు వందలు. బడి దూరం కాబట్టి పిల్లల ఆటోకు పన్నెండు వందలు. మొత్తం తొమ్మిదివేల ఆరువందలు. ఇంకొక ఇల్లు ఎనిమిదివేలు. కుళాయి వుంది, బడి నడిచిపోయే దూరం, తాగే నీళ్ళకు మూడు వందలు. మొత్తం ఎనిమిదివేల మూడువందలు. ఆ నెలల్లో చవక ఇల్లే పదమూడు వందలు ఎక్కువ పడింది! ట్యాంకరు అక్కరలేని నెలల్లో ఆరువేల ఇల్లే చవక అనుకోండి. కాబట్టి పన్నెండు నెలలకూ వేసి చూడాలి. ఆ పక్కనే మన శ్రమ కూడా రాసుకోవాలి.

కరెంటు సంగతి కూడా ఇందులో చేర్చండి. రెండు వాటాలకు ఒకే మీటరు వుంటే వద్దనండి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది కాబట్టి, ఇద్దరి వాడకం ఒకే మీటరులో పడితే ఇద్దరూ పై ధరలోకి పోతారు. విడి మీటరు వుంటే ఎవరి పొదుపు వారిది.

ఇక రాకపోకలు. "హిందూపురంలో కాపురం, బెంగుళూరులో ఉద్యోగం" అని కొందరు ఉత్సాహపడతారు. రైలు దారి వంద కిలోమీటర్లే, రైళ్ళూ వున్నాయి. రోజూ పోయి వచ్చేవారున్నారు. కాని పోవడానికి రెండు మూడు గంటలు, రావడానికి అన్నే, పైన స్టేషను నుంచి ఆఫీసుకు. ఆయన అయిదింటికి బయలుదేరాలంటే క్యారియరు కట్టేవారు మూడున్నరకు లెయ్యాలి. రాత్రి తొమ్మిదింటికి వచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు. ఆదా అయిన బాడుగ డబ్బుకు ఆ తండ్రీ పిల్లల పలకరింపు బదులు పెట్టవలసి వస్తుంది. కొన్నాళ్ళకైతే సరే, కాపురమంతా అలా నడపాలంటే ఆలోచించండి.

ఇల్లు నచ్చింది. ఇప్పుడు కాగితం సంగతి. "మాట నీటిమూట" అన్నారు. నీళ్ళకు కరువైన చోట నీటిమూట ఎక్కడ నిలుస్తుంది! అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగి ఇస్తారు, ఖాళీ చెయ్యాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, బాడుగ ఏటా ఎంత పెంచుతారు, సున్నం ఖర్చు ఎవరిది, బోరు ఎండితే ట్యాంకరు ఖర్చు ఎవరిది, అన్నీ రాతలో వుండాలి. మన రాష్ట్రంలో 2017లో వచ్చిన అద్దె చట్టం కూడా ఒప్పందం రాతపూర్వకంగా వుండాలనే చెబుతున్నది. బాడుగ బ్యాంకు ద్వారా ఇస్తే అదే రశీదు.

మా వైపు ఇళ్ళు భోగ్యానికి కూడా ఇస్తారు. అంటే, ఒకేసారి పెద్దమొత్తం ఇంటివారికి ఇస్తే నెలనెలా బాడుగ వుండదు, గడువు తీరాక మన మొత్తం మనకు తిరిగి ఇస్తారు. ఉదాహరణకు అయిదు లక్షలు ఇచ్చామనుకోండి. అదే సొమ్ము బ్యాంకులో ఆరున్నర వడ్డీకి వేస్తే నెలకు సుమారు రెండువేల ఏడువందలు వస్తుంది. ఏడువేల బాడుగ ఇల్లు మనకు రెండువేల ఏడువందలకు దొరికినట్టే. బంగారంలాంటి బేరం! మరి ఇంటివారు ఎందుకు ఇస్తున్నారు? వారికి డబ్బు అవసరం వుంది గనుక. ఆ అవసరం అప్పు అయివుంటే, ఆ ఇల్లు అప్పటికే బ్యాంకులో తాకట్టు వుండవచ్చు. రేపు బ్యాంకువారు జప్తుకు వస్తే ముందు వారి బాకీ, ఆ తర్వాతే మనది.

కాబట్టి భోగ్యానికి దిగేముందు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆ ఇంటి ఈ.సీ. తీయించండి. కాని బ్యాంకు తాకట్టులన్నీ అందులో కనబడవు, అందుకని అసలు దస్తావేజులు చూపించమని అడగండి. అవి బ్యాంకులో వుంటే ఇంట్లో వుండవు కదా! వంద రూపాయలూ ఆపైన తనఖా రిజిస్టరు కావాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతున్నది. లక్షలు ఇచ్చి స్టాంపు కాగితంమీద సంతకాలతో సరిపెట్టుకోకండి. స్వాధీన తనఖాగా రిజిస్టరు చేయించండి. అమ్మాయి పెళ్ళికోసం దాచిన సొమ్మయితే అసలు ఇటువైపు చూడకండి. బాడుగ పోతే నెల బాడుగే పోతుంది, భోగ్యం పోతే ఏళ్ళ కూడబెట్టు పోతుంది.

కొందరు వచ్చీరాగానే, "బాడుగ దండగ, స్థలం కొనేద్దాం" అంటారు. తొందరపడకండి. ఊరిని కనీసం ఒక ఏడాది బాడుగకుండి చూడండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక పరీక్షల కాలం, ఒక జ్వరాల కాలం గడిస్తేగాని ఊరు మనకు తెలియదు. బాడుగ ఇంటికి వున్న గొప్ప సుఖం అదే, సరిపడకపోతే మారవచ్చు.

ఇక ఆ బెంగుళూరు సోదరికి నేనిచ్చిన సలహా చెబుతాను. అత్తగారికి తరచూ ఒంట్లో బాగుండక ఆసుపత్రి అవసరమైతే, పిల్లలు పెద్ద క్లాసులైతే హిందూపురం. కర్మాగారం బస్సు వుందో లేదో మాత్రం ముందు కనుక్కోవాలి. పిల్లలు చిన్నవాళ్ళై, ఆయనకు రాత్రి షిఫ్టులు పడేటట్టయితే బాడుగ కొంచెం ఎక్కువైనా పెనుకొండ. అర్ధరాత్రి జాతీయ రహదారి మీద స్కూటరు ప్రయాణం తప్పుతుంది. ఈ ఉద్యోగానికి రోజువారీగా ధర్మవరం దూరం, నలభై కిలోమీటర్ల పైనే. పుట్టపర్తిలోనో అనంతపురంలోనో ఉద్యోగమైతే అప్పుడు ధర్మవరమే మేలు.

ఏ ఊరైనా, అడ్వాన్సు ఇచ్చేముందు "నేనూ వచ్చి చూస్తాను" అనండి. ఒకరోజు వంట ఆలస్యమైతే కాపురం మునిగిపోదు. వెళ్ళి కుళాయి తిప్పండి, వంటింటి కిటికీ తెరవండి, పక్కింటి ఇల్లాలిని పలకరించి మంచినీళ్ళు అడగండి. ఆమె ఇచ్చే గ్లాసునిబట్టి నీళ్ళ సంగతీ తెలుస్తుంది, ఇరుగుపొరుగు సంగతీ తెలుస్తుంది.